మే ఎండకూ అక్టోబరు తుపానుకూ తట్టుకునే చిన్న మొక్కల ట్యాంకు: చేపలు, రొయ్యలు, నత్తలు ఎలా ఎంచుకోవాలి

డిసెంబరులో ఆక్వేరియం షాపుకి వెళ్తే అన్ని చేపలూ చలాకీగానే ఉంటాయి. నియాన్ టెట్రాలు మెరుస్తుంటాయి, ఏంజెల్ పిల్లలు ముద్దుగా ఉంటాయి, షాపతను ఏది అడిగినా "కలిసి ఉంటాయి సార్" అంటాడు. అప్పుడు నచ్చినవి తెచ్చేసుకుంటే మే నెలలో ఒక్కొక్కటీ పోతాయి. దక్షిణ ఒడిశాలో బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మనవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. చేపను డిసెంబరును చూసి ఎంచుకోవద్దు. మీ ఊరి నీళ్లు, మే నెల ఎండ, అక్టోబరు తుపానుకు రోజుల తరబడి పోయే కరెంటు, ఈ మూడింటినీ చూసి ఎంచుకోండి. ఏ చేప దేనితో కలుస్తుందన్నది ఆ తర్వాతి ప్రశ్న. నీళ్లకూ వేడికీ నప్పని చేప ఎంత సాధువైనా మీ ట్యాంకులో బతకదు.

ముందు లీటర్లు లెక్కేయండి

ట్యాంకు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. మనవాళ్లు ఎక్కువగా కొనే రెండడుగుల ట్యాంకు 60×30×30, అంటే 54 లీటర్లు. కానీ అడుగున 5 సెంటీమీటర్ల ఇసుక, పైన 3 సెంటీమీటర్ల ఖాళీ తీసేస్తే మిగిలేది 40 లీటర్లే. రాళ్లు, కర్ర పెడితే ఇంకా తగ్గుతుంది. చేపల సంఖ్య ఈ 40ని బట్టి ఆలోచించాలి, 54ని బట్టి కాదు.

"ఒక గాలన్‌కు ఒక అంగుళం చేప" అనే సూత్రం చాలాచోట్ల వినిపిస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల చేపలకు అది కొంతవరకు పనికొస్తుంది. పెద్ద చేపకు అస్సలు పనికిరాదు. పది అంగుళాల చేప ఒకటి తినేదీ విసర్జించేదీ పది చిన్న టెట్రాలకు ఎన్నో రెట్లు ఉంటుంది. పైగా దానికి వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు.

20 లీటర్ల లోపు ట్యాంకైతే రొయ్యలూ నత్తలూ మాత్రమే పెట్టండి, లేదా ఒకే ఒక బెట్టా. గుండ్రటి గాజు గిన్నెల జోలికి వెళ్లకండి.

మీ నీళ్లు ఎలాంటివో తెలుసుకోండి

చాలామంది దాటేసేది ఇదే. ముందు ఇంట్లో చూడండి. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర కడుతోందా? సబ్బు నురగ సరిగా రావడం లేదా? అయితే మీవి గట్టి నీళ్లు, అంటే కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్నవి. ఇంట్లో ఆర్‌ఓ మిషన్ ఉంటే దాన్ని సర్వీసు చేసే అబ్బాయి దగ్గర టీడీఎస్ మీటర్ ఉంటుంది. అతను వచ్చినప్పుడు బోరు నీళ్లూ కొళాయి నీళ్లూ రెండూ కొలిపించి రాసి పెట్టుకోండి. టీడీఎస్ ఒక్కటే సరిపోదు. అది నీళ్లలో కరిగినవన్నీ కలిపి చూపిస్తుంది కానీ అందులో ఉప్పెంతో సున్నమెంతో చెప్పదు. అందుకే జీహెచ్ (నీళ్ల గట్టిదనం), కేహెచ్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే కార్బొనేట్లు), పీహెచ్ (నీళ్లు పులుపా, క్షారమా అన్నది) చూపించే టెస్ట్ స్ట్రిప్స్ ఒక డబ్బా కొనండి. చేపల మీద పెట్టే డబ్బు కంటే ముందు ఈ డబ్బు పెట్టాలి.

గోపాల్‌పూర్, ఛత్రపురం వైపు తీరానికి దగ్గరగా ఉన్న కొన్ని బోర్లలో ఉప్పు తగులుతుంది. నాలుకకు తెలిసేంత ఉప్పు ఉంటే ఆ నీళ్లు మొక్కల ట్యాంకుకు వద్దు. మున్సిపాలిటీ కొళాయి నీళ్లయితే క్లోరిన్ ఉంటుంది. ఒక రోజు బకెట్‌లో ఉంచితే క్లోరిన్ పోతుంది. క్లోరమిన్ కలిపి ఉంటే అలా పోదు కాబట్టి యాంటీ క్లోరిన్ మందు ఇంట్లో ఉంచుకోవడం మంచిది.

గట్టి నీళ్లు దొరికినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు. గప్పీలు, ప్లాటీలు, చెర్రీ రొయ్యలు, నెరైట్ నత్తలు అలాంటి నీళ్లలో హాయిగా ఉంటాయి. మెత్తటి నీళ్లు కావాల్సినవి చిల్లీ రాస్‌బోరాలు, కార్డినల్ టెట్రాలు, క్రిస్టల్ రెడ్ రొయ్యలు. ఇవి కావాలనిపిస్తే బోరు నీళ్లలో ఆర్‌ఓ నీళ్లు కలుపుకోవాలి. ఉత్త ఆర్‌ఓ నీళ్లు పోయకండి. అందులో ఖనిజాలు ఉండవు, నత్త గుల్ల పలచబడి గుంటలు పడుతుంది, రొయ్య కుబుసం విడవలేక చచ్చిపోతుంది. సగం బోరు, సగం ఆర్‌ఓ కలిపి కొలిచి చూసి, అవసరాన్ని బట్టి మార్చుకోండి. ప్రతి వారం నీళ్లు మార్చినప్పుడూ అదే పాళ్లలో కలపగలరా అని కూడా ముందే ఆలోచించండి. కలపలేమనుకుంటే మీ నీళ్లకు నప్పే చేపనే తెచ్చుకోండి.

ఒక జాగ్రత్త. తాగడానికి రాగి బిందెలో నీళ్లు నిల్వ చేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. ఆ నీళ్లను రొయ్యల ట్యాంకులో పోయకూడదు. రాగి చాలా కొద్ది మోతాదులో కూడా రొయ్యలకూ నత్తలకూ విషం.

మే నెల లెక్క

ఏసీ లేని గదిలో, మేలో, 40 లీటర్ల నీళ్లు 31, 32 డిగ్రీలు దాటడం మామూలే. అప్పుడు రెండు ఇబ్బందులు ఒకేసారి వస్తాయి. మొదటిది, నీళ్లలో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో 8.3 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ ఇముడుతుంది, 32 దగ్గర 7.3 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప ఒంట్లో జీవక్రియ పెరిగి దానికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి. రెండోది అమ్మోనియా. పీహెచ్ 7, 25 డిగ్రీలు ఉన్న నీళ్లలో మొత్తం అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం ఒక శాతం లోపే. అదే పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది, వేడి 30కి చేరితే ఇంకా పెరుగుతుంది. మన బోరు నీళ్ల పీహెచ్ తరచుగా 7.5కి పైనే ఉంటుంది కాబట్టి చేపలు కిక్కిరిసిన ట్యాంకు వేసవిలో తేలిగ్గా దెబ్బతింటుంది.

కాబట్టి చేప పేరు పక్కన అది కోరుకునే ఉష్ణోగ్రత రాసుకోండి. నియాన్ టెట్రాకు 21 నుంచి 25 డిగ్రీలు బాగుంటాయి. మన తీరంలో వేసవి దానికి నరకం. దాని బంధువు కార్డినల్ టెట్రా 29 దాకా ఓర్చుకుంటుంది, చూడటానికీ అంతకన్నా అందంగా ఉంటుంది. ఎంబర్ టెట్రాకు 23 నుంచి 29. హార్లెక్విన్ రాస్‌బోరాకు, హనీ గౌరామికి 22 నుంచి 28. బెట్టా 30 దగ్గర కూడా బాగానే తిరుగుతుంది. పాండా కోరీ, వైట్ క్లౌడ్ మినో చల్లని నీళ్ల చేపలు, తీరప్రాంతం వాళ్లు వాటి మీద మనసు పడకండి. కింద తిరిగే కోరీలే కావాలంటే స్టెర్బై రకం వేడికి మెరుగు.

ట్యాంకు పైన చిన్న ఫ్యాన్ పెట్టి నీళ్ల మీదకు గాలి కొట్టిస్తే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి. గాలి పొడిగా ఉండే రోజుల్లో, రాయగడ వైపు, ఇది బాగా పనిచేస్తుంది. బరంపురంలో ఉక్కబోతకు నీరు అంతగా ఆవిరి కాదు కాబట్టి ఫలితం తక్కువ. ఫ్యాన్ వాడితే నీళ్లు త్వరగా తగ్గుతాయి, ఖనిజాలు మాత్రం ట్యాంకులోనే మిగిలిపోతాయి. ఆ తగ్గిన నీళ్ల స్థానంలో ఆర్‌ఓ నీళ్లు పోయండి. బోరు నీళ్లే పోస్తూ ఉంటే నెల తిరిగేసరికి నీళ్లు మీరు మొదట కొలిచినట్టు ఉండవు.

కోరాపుట్, సెమిలిగుడ వైపు కథ తిరగబడుతుంది. పీఠభూమి కాబట్టి వేసవి కొంచెం నయం, కానీ డిసెంబరు, జనవరి రాత్రుళ్లు బాగా చల్లబడతాయి. అక్కడ 40 లీటర్లకు 50 వాట్ల హీటర్ సరిపోతుంది. హీటర్ పెట్టడం ఇష్టం లేకపోతే జీబ్రా డానియోలు, చెర్రీ రొయ్యలు ఆ చలిని మిగతావాటికంటే బాగా తట్టుకుంటాయి.

తుపాను లెక్క

2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గజపతి జిల్లాను ముంచెత్తింది. అలాంటప్పుడు కరెంటు గంటల్లో రాదు, రోజులు పడుతుంది. ఫిల్టర్ ఆగిపోయిన ట్యాంకులో మొదట ఆయాసపడేవి గుంపుగా నింపేసిన చేపలే.

మొక్కలు పగలు ఆక్సిజన్ ఇస్తాయి, రాత్రి చేపలతో పాటు అవీ తీసుకుంటాయి. అందుకని మొక్కలున్నాయి కదా అని ధీమాగా ఉండటానికి లేదు. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంప్ ఒకటి, దానికి సరిపడా బ్యాటరీలు సెప్టెంబరులోనే కొని పెట్టుకోండి. ఆ రోజుల్లో మేత ఆపేయండి. ఆరోగ్యంగా ఉన్న చేప నాలుగైదు రోజులు తినకపోయినా ఏమీ కాదు, తినకుండా మిగిలిన మేత కుళ్లితేనే ప్రమాదం.

చేపల ఎంపికకూ దీనికీ సంబంధం ఉంది. గౌరామి, బెట్టా జాతుల తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దానితో అవి నీటిపైకి వచ్చి గాలి పీలుస్తాయి. మన చెరువుల్లో కొర్రమీను కూడా ఇలాగే పైగాలి పీల్చి బతుకుతుంది. కరెంటు నమ్మకం లేని ఊళ్లో ముఖ్యమైన చేపగా హనీ గౌరామిని నేను గట్టిగా చెప్పడానికి ఇదే కారణం. పైగా అది మన దేశపు చేపే, గంగా బ్రహ్మపుత్ర పరివాహక ప్రాంతాల్లో పుట్టినది. 5 సెంటీమీటర్లకు మించి పెరగదు, గొడవపడే స్వభావం తక్కువ.

మీకు "ఇన్ని పెట్టొచ్చు" అని ఎవరు ఏ సంఖ్య చెప్పినా, మన వైపు దానిలో మూడింట రెండు వంతులే పెట్టండి.

ఒక చేపను ముందు ఎంచుకోండి, మిగతావి దాన్ని బట్టి

అన్నీ కొంచెం కొంచెం అంటూ ఏడు రకాలు రెండేసి చొప్పున తేవడం చిన్న ట్యాంకులో అందరూ చేసే పని. దానివల్ల ఏ చేపకూ గుంపు ఉండదు. టెట్రాలు, రాస్‌బోరాలు, కోరీలు గుంపులో ఉంటేనే భయం లేకుండా తిరుగుతాయి. కనీసం ఆరు, ఎనిమిది పది అయితే ఇంకా మేలు. 40 లీటర్లలో ఒక గుంపు చేప, ఒక ముఖ్యమైన చేప, అడుగున కొన్ని రొయ్యలు, నత్తలు ఉంటే చాలు. గుంపు చేప ఒకే రకం ఉంటే ట్యాంకు చూడటానికి కూడా అందంగా ఉంటుంది.

తీరం వైపు, గట్టి నీళ్లు ఉన్నవాళ్లకు: ఏడెనిమిది మగ గప్పీలు, రెండు నెరైట్ నత్తలు, పది పన్నెండు చెర్రీ రొయ్యలు, జావా మాస్ అనే గుబురు మొక్క దట్టంగా. మగవే ఎందుకంటున్నానంటే, ఒక్క ఆడ గప్పీ నెలకొకసారి ఇరవై ముప్పై పిల్లల్ని పెడుతుంది. పైగా ఒకసారి మగదానితో కలిస్తే ఆ తర్వాత చాలా నెలలపాటు మగది లేకుండానే పిల్లల్ని పెట్టగలదు. షాపులో "ఇది ఒంటరిదే" అన్నా అది గర్భంతో ఉండొచ్చు. గప్పీలు రొయ్య పిల్లల్ని కొన్నింటిని తింటాయి, మాస్ దట్టంగా ఉంటే మిగిలినవి పెరుగుతాయి.

దోమల నివారణకు మున్సిపాలిటీలు ఇచ్చే గంబూసియా చేప చూడటానికి ఆడ గప్పీలా ఉంటుంది. దాన్ని గప్పీలతో పెట్టకండి, తోకలు కొరికేస్తుంది.

మధ్యస్థంగా ఉండే నీళ్లకు, లేదా ఆర్‌ఓ కలుపుకునేవాళ్లకు: ఒక జత హనీ గౌరామి, ఎనిమిది ఎంబర్ టెట్రాలు లేదా ఆరు హార్లెక్విన్ రాస్‌బోరాలు, రెండు నత్తలు. నన్నడిగితే మన జిల్లాలకు బాగా సరిపోయే జోడీ ఇదే. గౌరామి పైన, టెట్రాలు మధ్యలో, నత్తలు కింద, ఎవరి చోటు వాళ్లది. గౌరామి బెదిరే చేప కాబట్టి నీళ్ల మీద తేలే మొక్కలు కొన్ని ఉంచండి, ఫిల్టర్ ధార ఉధృతంగా ఉండకూడదు. డ్వార్ఫ్ గౌరామి రంగు చూసి మోసపోవద్దు. ఫారాల నుంచి వచ్చే వాటిలో ఇరిడోవైరస్ అనే మందులేని జబ్బు తరచుగా కనిపిస్తుంది.

కోరాపుట్ వైపు, హీటర్ పెట్టేవాళ్లు పిగ్మీ కోరీలు ఎనిమిది పెట్టుకోవచ్చు. 3 సెంటీమీటర్ల లోపే ఉండే ఈ చిన్నవి మధ్యనీటిలో కూడా గుంపుగా ఈదుతాయి. వాటితో ఎంబర్ టెట్రాలు, చెర్రీ రొయ్యలు బాగా కలుస్తాయి. కోరీలకు అడుగున మెత్తటి ఇసుక ఉండాలి. పదునైన కంకర వేస్తే వాటి మీసాలు అరిగిపోయి పుండు పడతాయి.

బెట్టాను ఒక్కదాన్నే ఉంచండి. రెండు మగవి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. దాని పక్కన గప్పీలు కూడా వద్దు, ఆ పొడవాటి రంగు తోకను చూసి మరో బెట్టా అనుకుని వెంటపడుతుంది. నెరైట్ నత్త ఉంటే పరవాలేదు. రొయ్యల మాట మాత్రం బెట్టా స్వభావాన్ని బట్టే. కొన్ని పట్టించుకోవు, కొన్ని ఒక్క రాత్రిలో అన్నింటినీ మింగేస్తాయి. ఖరీదైన రొయ్యల్ని దాంతో పెట్టకండి.

రొయ్యలు, నత్తలు

చేపలతో కలుస్తాయా లేదా అనేదానికి ఒక్క సూత్రం చాలు: నోట్లో పట్టేదాన్ని చేప తింటుంది. సాధువైన టెట్రా కూడా అప్పుడే పుట్టిన రొయ్య పిల్లను వదలదు. పెద్ద చెర్రీ రొయ్యను మాత్రం ఏమీ చేయలేదు. రొయ్యలు పెరిగి పెద్ద గుంపు కావాలన్నదే మీ కోరికైతే ఆ ట్యాంకులో చేపలు లేకుండా చూడండి, లేదా ఆటోసింక్లస్ లాంటి నాచు మాత్రమే తినే చేపతో ఆగండి. ఆటోసింక్లస్ కూడా కొత్త ట్యాంకులో ఆకలితో చచ్చిపోతుంది, గాజు మీద పాచి బాగా పట్టిన పాత ట్యాంకుకే అది నప్పుతుంది.

చెర్రీ రొయ్య మనకు అన్ని విధాలా అనుకూలం. 6.5 నుంచి 8 పీహెచ్ దాకా ఉంటుంది, కాస్త గట్టి నీళ్లే దానికి మేలు, మంచినీళ్లలోనే పిల్లల్ని పెడుతుంది. 28 డిగ్రీలు దాటితే నీరసపడుతుంది, 30 దాటితే ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) ఆపకండి. క్రిస్టల్ రెడ్ లాంటి రకాలకు మెత్తటి, పులుపు నీళ్లు, 24 డిగ్రీల లోపు వేడి కావాలి. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే మిషన్) లేకుండా వాటిని బరంపురంలో పెంచడం వాటిని హింసించడమే. అమానో రొయ్య నాచు తినడంలో అన్నింటికంటే దిట్ట, 5 సెంటీమీటర్లు పెరుగుతుంది, చిన్న చేపలు దాన్ని ముట్టుకోవు. దాని పిల్లలు పెరగడానికి ఉప్పునీళ్లు కావాలి కాబట్టి ట్యాంకులో సంఖ్య పెరగదు.

వాగుల్లో, చెరువుల్లో దొరికే రొయ్య పిల్లల్ని పట్టి తెచ్చి వేయాలని చాలామందికి అనిపిస్తుంది. వాటిలో చాలావరకు మాక్రోబ్రాకియం జాతివి. పొడవాటి డెక్కలు వచ్చాక రాత్రిపూట నిద్రపోయే చేపల్ని పట్టి తింటాయి. పొలం గట్ల మీది పీతలు కూడా అంతే, పైగా మూత సందులోంచి పాక్కుంటూ బయటికి వచ్చేస్తాయి. వంశధార, నాగావళి ఇసుకలో దొరికే ఆల్చిప్పలు నీళ్లను వడకట్టుకుని అందులోని సూక్ష్మజీవుల్ని తిని బతికేవి. శుభ్రంగా ఉన్న చిన్న ట్యాంకులో వాటికి తిండి ఉండదు. నెమ్మదిగా ఆకలితో చచ్చి, ఎవరూ గమనించకముందే నీళ్లంతా కుళ్లబెడతాయి. మన చెరువుల్లో పెద్ద గోధుమరంగు నత్త మొక్కల్ని మొదలంటా మేసేస్తుంది. చిలికా సరస్సు నుంచి వచ్చినవి చాలావరకు ఉప్పు కలిసిన నీళ్లకు అలవాటుపడ్డవి, మంచినీళ్ల ట్యాంకులో ఎక్కువకాలం ఉండవు.

నెరైట్ నత్త ఆకుల్ని తినదు, గాజు మీది పాచిని అద్దంలా నాకేస్తుంది. రాళ్ల మీద, కర్రల మీద తెల్లని గుడ్లు అంటిస్తుంది, అవి మంచినీళ్లలో పొదగవు. గోకితే తప్ప పోవు, అదొక్కటే చికాకు. మొక్కలతో పాటు వచ్చే చిన్న నత్తల్ని చూసి కంగారు పడొద్దు. అవి విపరీతంగా పెరిగాయంటే మీరు మేత ఎక్కువ వేస్తున్నారని అర్థం. మేత తగ్గిస్తే అవీ తగ్గుతాయి. వాటిని తినడానికని పీ పఫర్‌ను తెస్తే అది నత్తల్ని, తర్వాత రొయ్యల్ని, ఆ తర్వాత మిగతా చేపల రెక్కల్ని కూడా తింటుంది.

వీధి చివర బాదం చెట్టు నుంచి రాలిన ఎండుటాకు కడిగి వేస్తే రొయ్యలు దాని చుట్టూ చేరతాయి. మందు కొట్టని చెట్టు ఆకే తీసుకోండి, పచ్చి ఆకు వద్దు.

షాపులో చూసి వదిలేయాల్సినవి

"ట్యాంక్ క్లీనర్" అని చిన్నగా ఉన్నప్పుడు అమ్మే సక్కర్ చేప అడుగు దాటి పెరుగుతుంది. వెండిరంగులో షార్క్ అని అమ్మే పిల్ల పంగాసియస్. చేపల మార్కెట్లో కిలోల లెక్కన అమ్మే చేప కూడా పంగాసియస్సే. ఏంజెల్ రెక్కలతో కలిపి జానెడు ఎత్తు పెరిగి చిన్న టెట్రాల్ని మింగుతుంది. టైగర్ బార్బ్, సర్పే టెట్రా పొడవు తోకల్ని కొరుకుతాయి. గోల్డ్ ఫిష్ మొక్కల్ని పీకేస్తుంది, విసర్జన ఎక్కువ. గులాబీ, నీలం, ఆకుపచ్చ రంగుల్లో కనిపించే విడో టెట్రాలలో చాలావాటికి ఆ రంగు అద్దినదే. బలహీనపడి వస్తాయి, వాటిని కొనకండి. మన దగ్గర కొనేవాళ్లుంటేనే కదా ఆ పని చేసేది.

కొనే చేప ఏదైనా, మీ ముందే మేత వేయమనండి. తినకపోతే తీసుకోవద్దు. రెక్కలు ముడుచుకుని ఉందా, పొట్ట లోపలికి పోయిందా, ఒంటి మీద ఉప్పు రవ్వల్లాంటి తెల్ల చుక్కలున్నాయా చూడండి. అదే ట్యాంకులో చచ్చిన చేప కనిపిస్తే మిగతావి ఎంత బాగున్నా వద్దు.

విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో తెచ్చుకునేవాళ్లు సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతా ఆక్సిజన్ నింపించండి. సంచిని న్యూస్‌పేపర్లో చుట్టి థర్మాకోల్ పెట్టెలో పెట్టుకోండి. వేసవిలో మధ్యాహ్నం బస్సు కాకుండా రాత్రి రైలుకే రండి.

ఏది ముందు, ఏది తర్వాత

మొక్కలు నాటి, ఫిల్టర్ నడిపి, నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి. ఆ సమయంలో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఫిల్టర్లో స్థిరపడుతుంది. అది తయారవడానికి రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండాలి. టెస్ట్‌లో అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా చూపించాకే జీవాలు వేయాలి. షాపులో కొన్న మొక్కలకు పురుగుమందు అంటి ఉండొచ్చు కాబట్టి వాటిని ముందు ఒక వారం బకెట్లో ఉంచి రోజూ నీళ్లు మార్చండి. ఇది రొయ్యల కోసం.

తర్వాత నత్తలు వేయండి. పదిహేను రోజులు ఆగి రొయ్యలు. గుంపు చేపకు ముందు రొయ్యలకు ఒక నెల ఇస్తే అవి దాక్కునే చోట్లు వెతుక్కుంటాయి, ఒక విడత పిల్లలు కూడా రావచ్చు. ఆ తర్వాత గుంపు చేప, చివరికి గౌరామి. గౌరామిని ముందే వేస్తే ట్యాంకంతా తనదే అనుకుని కొత్తగా వచ్చినవాటిని తరుముతుంది.

కొత్త చేపల్ని వేరే ప్లాస్టిక్ టబ్బులో స్పాంజ్ ఫిల్టర్ పెట్టి రెండు నుంచి నాలుగు వారాలు గమనించాకే ట్యాంకులో వేయండి. ఈ జాగ్రత్త రొయ్యలున్నవాళ్లకు మరీ ముఖ్యం. తెల్ల చుక్కల జబ్బుకు వాడే మందుల్లో చాలావాటిలో రాగి గానీ మలకైట్ గ్రీన్ గానీ ఉంటుంది, రొయ్యలున్న నీళ్లలో ఆ మందు వేయలేం. వైద్యం టబ్బులోనే అయిపోవాలి. వేసేటప్పుడు సంచిని ఇరవై నిమిషాలు నీళ్లపై తేలనిచ్చి, తర్వాత ట్యాంకు నీళ్లు కొంచెం కొంచెం కలపండి. రొయ్యలకైతే సన్నటి గొట్టంతో చుక్క చుక్కగా గంటకు పైగా పట్టాలి. సంచి నీళ్లు ట్యాంకులో పోయొద్దు.

దోమల మందు

కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి, గజపతి జిల్లాల్లో మలేరియా నివారణకు ఇంటి గోడలకు మందు పిచికారీ చేయడానికి మనుషులు వస్తారు. మన ఆరోగ్యం కోసం అది జరగాలి, వాళ్లను వెనక్కి పంపకండి. కానీ ఆ మందుల్లో వాడే పైరెత్రాయిడ్లు చేపలకు ప్రమాదం, రొయ్యలకైతే కొద్దిపాటి మోతాదే ప్రాణాంతకం. ఇంట్లో వాడే కాయిల్స్, ప్లగ్‌లో పెట్టే లిక్విడ్, స్ప్రే డబ్బాలలోనూ ఎక్కువగా ఈ తరగతి రసాయనాలే ఉంటాయి.

మందు కొట్టే రోజు ముందుగా ఎయిర్ పంప్ ఆపండి. అది గదిలో గాలిని పీల్చి నేరుగా నీళ్లలోకి పంపుతుంది. చాలామందికి ఇది తట్టదు. ట్యాంకును ప్లాస్టిక్ షీటుతో అంచుల వరకు కప్పి, మందు కొట్టాక కిటికీలు తెరిచి గాలి బాగా ఆడనిచ్చి, అప్పుడు షీటు తీసి పంప్ వేయండి. అన్నింటికంటే మంచిది, ట్యాంకు పెట్టిన గదిలో ఆ గోడను వదిలేయమని వాళ్లను ముందే అడగడం. మామూలు రోజుల్లో ఆ గదిలో దోమతెర వాడుకోండి. మందు అద్దిన దోమతెర ముట్టుకున్న చేత్తో, ఉతికిన చేత్తో కడుక్కోకుండా ట్యాంకులో చెయ్యి పెట్టకండి.

ఎక్కువైతే

గప్పీలు, చెర్రీ రొయ్యలు, నత్తలు ఒకరోజు ఎక్కువవుతాయి. సక్కర్ చేప తెలియక కొన్నవాళ్లకు అది ట్యాంకు పట్టనంత పెరుగుతుంది. అప్పుడు వంశధారలోనో నాగావళిలోనో ఊరి చెరువులోనో వదిలేస్తే పుణ్యం అనుకోవద్దు. ఇలా వదిలినవే ఆంధ్రా చెరువుల్లో పెరిగి ఇవాళ దెయ్యం చేప అని రైతులు తలపట్టుకుంటున్నారు. వల చింపుతుంది, మిగతా చేపల మేత తినేస్తుంది, దాన్ని కొనేవాళ్లు ఉండరు. ఎక్కువైన వాటిని షాపువాడికి తిరిగి ఇవ్వండి, మేతకో మొక్కకో మార్పిడి చేసుకుంటారు. లేదా ట్యాంకు పెట్టుకోవాలనుకునే పక్కింటి పిల్లలకు, మీ నీళ్ల జీహెచ్, పీహెచ్ రాసిన చీటీతో పాటు ఇవ్వండి. ఒకే ఊరి నీళ్లలో పుట్టి పెరిగిన రొయ్య, దూరం నుంచి తెచ్చినదానికంటే వాళ్ల ట్యాంకులో బాగా నిలుస్తుంది.